వెనక కూచున్నవాళ్ళ వాటా

చెన్నకేశవులు సంసారం వదిలేద్దామనుకున్నాడు. వదలడానికి కారణాలు అతని దగ్గర చాలానే ఉన్నాయి. కావలసిందల్లా "సరే, వదిలెయ్" అనే ఒక్క నోరు. ఆ మాట గవి అవ్వ నోట వినాలని వేసవి చివర్లో దోర్నాల బస్సెక్కాడు.

మార్కాపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ముప్పై ఏళ్ళు కామర్స్ చెప్పిన మనిషి. ఏటా మొదటి రోజు క్లాసు ఒకే మాటతో మొదలయ్యేది. పాలవాడు మన మీద ప్రేమతో పాలు పొయ్యడు, తన లాభం కోసం పోస్తాడు, ఎవడి లాభం వాడు చూసుకోబట్టే పొద్దున్నే మన చేతిలోకి కాఫీ వస్తోంది అని. పిల్లలు రాసుకునేవాళ్ళు. ఆ పాలు కాచి, కాఫీ కలిపి చేతికిచ్చిన మనిషి సంగతి సిలబస్‌లో లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఏడేళ్ళ కిందట అతనికి వైరాగ్యం మొదలైంది. నల్లమలలో దోర్నాలకు పైన, నాలుగు గంటలు నడిస్తే వచ్చే ఒక గవిలో, అంటే కొండగుహలో, ఒక ముసలామె ఉంటుందని విని వెళ్ళాడు. ఆమె అసలు పేరు ఎవరికీ తెలీదు. అందరికీ గవి అవ్వ. ఆమె కాళ్ళకు మొక్కి శిష్యుడయ్యాడు. అప్పట్నుంచీ నెలకు రెండు రోజులు కొండమీదే.

ఒకరు శిష్యుడు కావాలంటే ఇంట్లో ఇంకొకరు శిష్యులు కాకుండా ఉండాలి. ఆ పని అతని భార్య సుబ్బరత్నం చేసింది. మంచాన పడ్డ అత్తగారికి పదకొండేళ్ళు పక్కగుడ్డలు మార్చింది. అంగన్‌వాడీకి వెళ్ళొచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఏదో కూనిరాగం తీసేది. జపానికి అడ్డమని అతను చెబితే అదీ మానేసింది.

గవి ముందు బండమీద కూచుని అవ్వ కుంకుడుకాయలు కొట్టి గింజలు తీస్తోంది. చెన్నకేశవులు మొక్కి, కూచుని, తన మనవి చెప్పుకున్నాడు. ఇక ఇంటికి వెళ్ళనన్నాడు. అమ్మ పోయింది, పిల్లలు లేరు, ఇక్కడే ఉండిపోతానన్నాడు. సుబ్బరత్నానికి ఇల్లు రాసిస్తానన్నాడు, ఆమెకు జీతం ఎలాగూ ఉందన్నాడు.

"తన మంచీ చెడ్డా తను చూసుకుంటుంది అవ్వా. లోకంలో ఎవరైనా చేసేది అదేగదా."

అవ్వ తలెత్తలేదు. "సుబ్బరత్నంతో చెప్పావా?"

"వెళ్ళి చెప్తాను."

"అడిగావా అనలేదు నాయనా. చెప్పావా అన్నాను. అదీ లేదన్నమాట."

అవ్వ ఇంకో నాలుగు కాయలు కొట్టింది. పైబండ తేనె దిగాక జవాబు చెబుతానంది.

ఆ తేనె ఆ ఏడు దిగేలా లేదు.

గవికి కిందగా చెంచుల పెంట ఒకటి ఉంది, పది గుడిసెల ఊరు. పెంటకు ఎగువన నిట్టనిలువు బండ. దాని కడుపులో ఏటా వేసవికి పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. బండ నెత్తిన తాడు పట్టుకుని ఒకరు నిలబడతారు, ఆ తాడుకు వేలాడుతూ ఒకరు దిగి పట్టు కోస్తారు. దిగేవాడు బయన్న. అతని చెయ్యి ఆడినట్టు ఆ పెంటలో ఇంకెవరి చెయ్యీ ఆడదు. కానీ తాడు పట్టాల్సిన గురవన్న నాలుగు రోజుల కిందట చెట్టుమీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. తొలకరి పడితే ఈగలు తేనె తాగేసి లేచిపోతాయి. మబ్బు అప్పటికే శిఖరాల మీద కూచుని ఉంది.

సాయంత్రం బయన్న, అతని పెళ్ళాం ఈదమ్మ ఈ సంగతే చెప్పుకోవడానికి గవి దగ్గరికొచ్చారు. చెన్నకేశవులుకు అర్థం కాలేదు. పెంటలో కండగల మగవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు, బయన్నకు తోడబుట్టినవాళ్ళే ఇద్దరు. వాళ్ళలో ఒకరు పట్టొచ్చుగదా అన్నాడు.

ఈదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాడు తోడబుట్టినోడు పట్టకూడదు, బావమరిదే పట్టాలి అంది. గురవన్న ఆమె అన్న. ఆమెకు ఇంకో అన్న గానీ తమ్ముడు గానీ లేడు. బయన్నకు అక్కచెల్లెళ్ళు లేరు.

ఎందుకు బావమరిదే పట్టాలని చెన్నకేశవులు అడిగాడు. అడుగుతుండగానే అతనికి జవాబు తట్టింది. ముప్పై ఏళ్ళ పాఠం మొహంలోకి వెలుగై వచ్చింది.

తమ్ముడికి అన్న పోతే ఒక వాటా కలిసొస్తుంది. బావమరిదికి అలా కాదు. బావ పడితే చెల్లెలు ముండమోస్తుంది, పిల్లల్ని వెంటేసుకుని తన గుడిసెకే వస్తుంది, ఆ బరువంతా తన నెత్తినే పడుతుంది. కాబట్టి బావమరిది తాడు వదలడు. చూశావా అవ్వా, బడికెళ్ళని ఈ జనం కూడా ప్రేమని నమ్ముకోలేదు, లాభనష్టాన్నే నమ్ముకున్నారు అన్నాడు. ఇంతకంటే చక్కగా నేను ఎన్నడూ క్లాసులో చెప్పలేకపోయాను అన్నాడు.

ఈదమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"మా అన్నకు నా మీద పేమంటే నమ్మవు సారూ. నా తిండి దండగంటే నమ్ముతావు."

బయన్న పడీపడీ నవ్వాడు. అవ్వ నవ్వలేదు. కుంకుడు తొక్కుల చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, ఈదమ్మ మూటలోంచి ఒక జొన్నరొట్టె తీసుకుంది. సగానికి తుంచింది. ఒక సగం ఈదమ్మ చేతిలో పెట్టింది, రెండో సగం చెన్నకేశవులు చేతిలో పెట్టింది.

"తినండి. ఈపొద్దుట్నుంచి ఇతను నీకు అన్న. రేపు తాడు పడతాడు."

చెన్నకేశవులుకు రొట్టె గొంతులో అడ్డుపడింది. నీళ్ళు తాగి, అవ్వా అది కుదరదన్నాడు. తను చెప్పిన పాఠమే తన మెడకు చుట్టుకుందని అప్పుడు తెలిసింది. నాకూ వీళ్ళకూ చుట్టరికం లేదు, బయన్న పడితే నాకు పోయేదీ లేదు, ఉంటే వచ్చేదీ లేదు, అలాంటివాడి చేతిలో ప్రాణం ఎలా పెడతారు అన్నాడు.

"అదే రేపు చూద్దాం" అంది అవ్వ.

అతను బయన్న వైపు చూశాడు, వద్దంటాడేమోనని ఆశగా. బయన్న చుట్ట వెలిగించుకుని ఆలోచించాడు.

"పట్టనీ అవ్వా. సారు లెక్కల మనిషి. నేను పడితే కొండ దిగిందాక పీనుగును మొయ్యాల. ఆ లెక్క చూసుకోనన్నా పట్టుకుంటడు."

మర్నాడు ఎండ బండకు తగలకముందే అందరూ పైకి ఎక్కారు. అవ్వ కూడా కర్ర పోటేసుకుంటూ ఎక్కింది.

బండ నెత్తిన చెట్టు లేదు. ఏనుగు మోకాలంత రాయి ఒకటి మొలిచినట్టు ఉంది. అడవితీగెల నారతో పేనిన తాడును ఆ రాయికి ఒక చుట్టు తిప్పి, ఒక కొస బయన్న నడుముకు, చంకల కిందికీ కట్టారు. రాయికి ఇవతల తాడు చెన్నకేశవులు చేతుల్లో పెట్టారు. గురవన్న విరిగిన భుజంతోనే వచ్చి, ఎలా కాళ్ళు తన్నిపెట్టాలో, ఎలా జానా జానా వదలాలో నేర్పాడు. రెండు కట్టుబాట్లు చెప్పాడు. తాడు పట్టినవాడు ముందుకే చూడాలి, వెనక్కి తిరగకూడదు. పైనుంచి పాట ఆగకూడదు.

పాటెందుకని చెన్నకేశవులు అడిగాడు.

"కిందున్నోనికి పొగలో పైకి కనపడదు గద సారూ. పాట ఇనపడితే తాడు ఎవరో పట్టుకున్నరని గుర్తు. ఆగితే వాని గుండె ఆగుద్ది."

తనకు పాట రాదన్నాడు చెన్నకేశవులు. ఈదమ్మ, సారు గొంతు వింటే ఈగలు ఇంకా కోపం తెచ్చుకుంటాయి గానీ నేను పాడతాలే, వెనక కూచుంటా అంది. మనిషి ఆడది, పాడ్డానికి పనికొస్తుంది అనుకున్నాడు అతను. పైకి అనలేదు. మనసులో అనుకున్నవి కూడా మొహం మీద కనపడే మనిషి.

బయన్న పచ్చాకు పొగబెట్టిన కట్ట ఒక చేత్తో, వెదురుకత్తి ఒక చేత్తో పట్టుకుని, వీపున బుట్టతో అంచు దాటాడు.

తాడు బరువెక్కింది. ఒక మనిషి ఎంత బరువుంటాడో చెన్నకేశవులుకు యాభై ఆరేళ్ళు వచ్చేదాకా తెలీదు. అమ్మను లేపి కూచోబెట్టింది, మోసింది అతను కాదు. అరచేతుల్లో నార కోసుకుంటోంది. జానా జానా వదిలాడు. వెనకనుంచి ఈదమ్మ పాట వస్తోంది, తొందర లేకుండా, పిల్లకు జోల పాడినట్టు. కింద పొగ లేచింది. ఈగల మోత మొదలైంది, దూరాన వాన వస్తున్నట్టు.

చాలాసేపు బాగానే ఉంది. తను పట్టుకోగలుగుతున్నాడని అతనికి గర్వం కూడా కలిగింది. ఏ లాభమూ లేకుండా పట్టుకున్నానే, ఇదేమిటిది అని లోపల ఒక ప్రశ్న లేచింది. దాన్ని ముందుకు తీసుకెళ్ళబోతుండగా గాలి తిరిగింది.

పొగ బండను వదిలి లోయలోకి పోయింది. ఈగలు పైకొచ్చాయి.

మొదటిది చెవిమీద కుట్టింది. రెండోది కనురెప్పమీద. తర్వాత లెక్క లేదు. నిప్పులు పోసినట్టయింది. గురవన్న గోనెపట్టా పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. ఎవరో కదలకు కదలకు అంటున్నారు. చెన్నకేశవులుకు ఏదీ ఆలోచించిన గుర్తు లేదు. రెండు చేతులూ వాటంతటవే మొహం మీదికి వెళ్ళాయి.

తాడు రాతిమీద సర్రున జారింది.

ఒక మూర జారి ఆగింది.

అతను చూపు ఆనని కళ్ళతో వెనక్కి తిరిగాడు. ఈదమ్మ బండ పగుల్లో రెండు మడమలూ తన్నిపెట్టి కూచుని ఉంది. తాడు వెనక కొస ఆమె నడుముకు రెండు చుట్లు చుట్టి ఉంది. ఆ చుట్లు బిగిసి ఆమె ఒళ్ళు వెనక్కి విల్లులా వంగిపోయింది. మెడమీద, చేతులమీద ఈగలు నల్లగా ముసిరాయి. పాట ఒక్కచోట, ఊపిరి అందనిచోట, తెగినట్టయి మళ్ళీ అతుక్కుంది.

అతను మళ్ళీ తాడు పట్టుకున్నాడు. ఈసారి ఈగలు ఏం చేశాయో అతనికి తెలీలేదు. గురవన్న గోనెపట్టా ఇద్దరిమీదా కప్పాడు. పట్టా కింద చీకట్లో అతనికి ఆ పాట తప్ప ఏమీ వినపడలేదు.

బయన్న బుట్ట నిండా పట్టుతో పైకొచ్చాడు. మోచేతులదాకా తేనె కారుతోంది. చెన్నకేశవులు మొహం గుమ్మడికాయలా వాచి ఉండటం చూసి ఒక్క క్షణం ఆగాడు. అతని చేతులు చూశాడు. పెళ్ళాం నడుము వైపు మాత్రం చూడలేదు.

"నడుమ ఒక మూర కిందికి దింపితివే, మంచి పట్టు ఆడనే ఉండె. నీకెట్ల తెలిసె సారూ?"

ఆ మాట అని, బుట్ట దించి, ఇంకేం అడక్కుండా పోయి తేనె వడగట్టే పనిలో పడ్డాడు.

ఈదమ్మ ఏదో ఆకు నలిపి పసరు తెచ్చింది. చెన్నకేశవులు ముందు కూచుని, గోళ్ళతో ఒక్కో ముల్లూ తీస్తూ పసరు రాయసాగింది. తన ఒంటిమీద ముళ్ళు అలాగే ఉన్నాయి. అతను ముందు నీవి తీసుకోమన్నాడు. ఆమె వినలేదు.

"నేను వదిలేశాను" అన్నాడు కాసేపటికి.

"తెలుసన్నా."

'సారూ' పోయి 'అన్నా' వచ్చిందని అతను గమనించాడు. కంట్లోంచి నీళ్ళు కారాయి. కుట్టినచోటు కాబట్టి కారాయని ఇద్దరూ అనుకున్నారు.

"తాడు పట్టినోడు ఎవడైనా ఒక్కపారి ఇడుస్తడు" అంది ఈదమ్మ, రెప్పమీద ముల్లు జాగ్రత్తగా లాగుతూ. "మా అన్నా ఇడిసిండు. మా నాయనా ఇడిసిండు. చేతులు గద. అందుకే మేం ఎనక కూచుంటం."

"మరి బావమరిది కట్టుబాటని చెప్పారు. ఇది ఎవరూ చెప్పలేదే."

"చెప్తే మా అన్న చెయ్యి చిన్నబోదా?"

బయన్నకు తెలుసా అని అడిగాడు. ఆమె మొగుడి వైపు చూసి నవ్వుకుంది. కిందున్నప్పుడు తెలుసు, పైకొస్తే మర్చిపోతాడు అంది.

లేచి నడుము సర్దుకుంటుంటే చీరకూ రవికకూ నడుమ తాడు ఒరుసుకున్న ఎర్రటి వాత కనపడింది. దాని కింద, వరసగా, నల్లబడిన పాత వాతలు. చెన్నకేశవులు చూపు తిప్పుకున్నాడు. తిప్పుకుని ఎటు చూడాలో తెలీక తన అరచేతులు చూసుకున్నాడు. నార కోసిన గీత ఒకటి ఉంది. ఒకటే.

తేనె పంచారు. మొదటి ముక్క బండమీద పెట్టి కొండకిచ్చారు. రెండో ముక్క, పెద్దది, తాడు పట్టినవాడి వాటా. దాన్ని ఆకులో పెట్టి బయన్న అందరి ముందూ చెన్నకేశవులుకిచ్చాడు. చెన్నకేశవులు దాన్ని ఈదమ్మ ముందు పెట్టాడు. ఆమె ఎందుకని అడగలేదు, తీసి పక్కన పెట్టుకుంది. బయన్న చుట్ట కోసం మొలలో వెతుక్కున్నాడు, అక్కడేం జరగనట్టు.

ఆ తర్వాత అతను ఒకటి గమనించాడు. పంపకం అంతా అయ్యాక, ఎవరూ చూడనప్పుడు, ఈదమ్మ అరచెయ్యంత ముక్క ఒకటి మోదుగాకులో చుట్టి ఒడిలో పెట్టుకుంది. అలా చుట్టడం ఆమెకు కొత్త కాదని చేతులు చూస్తే తెలుస్తోంది. గవి అవ్వ కూడా చూసింది.

"ఈదీ, ఈసారి నీ వెనక వాటా నాకిస్తావే?"

ఈదమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఒడిలోంచి పొట్లం తీసి అవ్వ చేతిలో పెట్టింది.

దిగేటప్పుడు చెన్నకేశవులు అవ్వ వెనకే నడిచాడు. జవాబు ఏమిటని అడగలేదు. గవి దగ్గరికి వచ్చాక తన సంచీ తీసుకున్నాడు. అందులో రెండు జతల బట్టలూ, జపమాలా, ఇల్లు రాసివ్వడానికి తెచ్చుకున్న కాగితాలూ ఉన్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఇప్పుడు బయల్దేరితే సాయంత్రం బస్సు అందుతుంది.

అవ్వ మోదుగాకు పొట్లం అతని చేతిలో పెట్టింది.

"ఇది నీకు కాదు."

ఎవరికో చెప్పలేదు. కాళ్ళకు మొక్కుదామని వంగబోయాడు. అవ్వ వద్దని అతని భుజం పట్టుకోవడానికి చెయ్యి ఎత్తింది. కావిచీర పైట పక్కకు జరిగింది. ఎండిన ఆ నడుము చుట్టూ, చర్మంలో కలిసిపోయిన నల్లని పట్టీ ఒకటి, ఎన్నేళ్ళదో. ఏడేళ్ళుగా అతను చూసింది ఆమె పాదాలే.

అవ్వ చీర సర్దుకుంది. "పొద్దుంది. నడువు" అంది.

దోర్నాలలో బస్సెక్కేసరికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కండక్టర్ అతని మొహం చూసి జాలిపడి కిటికీ సీటు ఇప్పించాడు. పొట్లం అడుగున తేనె ఊరుతోంది. కారితే సీటు పాడవుతుంది సార్, పైన అరలో పెట్టండి అన్నాడు. చెన్నకేశవులు పెట్టలేదు.

సుబ్బరత్నం వాకిలి ఊడుస్తూ తీసే ఆ కూనిరాగం ఏమిటో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. మొదలు నోటిదాకా వచ్చినట్టే వచ్చి పోతోంది. బస్సు గతుకుల్లో ఊగుతూ మలుపులు తిరుగుతోంది. అతను కాళ్ళు ముందు సీటుకు తన్నిపెట్టి, కోసుకుపోయిన రెండు చేతులతో ఆ పొట్లం గట్టిగా పట్టుకుని కూచున్నాడు.